సౌరవిద్యుత్తు : లెక్క ముందు, కొనుగోలు తరువాత
పంచాయతీ కార్యాలయమునకు, సంచార వాహనమునకు ప్యానెళ్లను ఎంచుకొను విధానము

కొన్ని సంవత్సరములకు పూర్వము ప్రచార కార్యక్రమము నిమిత్తము మేము ఒక గ్రామమునకు వెళ్లితిమి. మా వాహనపు కప్పుమీద రెండు సోలార్ ప్యానెళ్లు, లోపల ఒక బ్యాటరీ అమర్చబడి యుండెను. జనరేటరు మోత లేకుండ, డీజిలు ఖర్చు లేకుండ, ఊరి మధ్య బొమ్మ చూపవచ్చునని మాకు గొప్ప ఉత్సాహము. మధ్యాహ్నమునకే గ్రామము చేరి, ఎండ తీవ్రముగా నుండుటచే, రచ్చబండ ప్రక్కనున్న మర్రిచెట్టు క్రింద వాహనమును నిలిపితిమి. సాయంకాలమునకు స్త్రీలు, పిల్లలు, పెద్దలు అందరు వచ్చి కూర్చుండిరి. శిశువులకు వేయించవలసిన టీకాలను గూర్చిన చిత్రము ఆరంభమయ్యెను. అరగంట గడువకమునుపే తెరపై బొమ్మ వెలవెలబోయి, ఆరిపోయెను. మైకు కూడ మూగవోయెను.

చిత్రములో ముఖ్యమైన భాగము ఇంకను చూపవలసియే యున్నది. ఏ టీకా ఎప్పుడు వేయించవలెనో చెప్పు ఘట్టము రాకమునుపే తల్లులు పిల్లలను చంకన వేసికొని ఇండ్లకు వెళ్లిపోయిరి. అప్పుడొక వృద్ధ రైతు నా ప్రక్కకు వచ్చి, "అయ్యా, ఎండ తిని బతికే బండిని తెచ్చి నీడన కట్టేస్తిరి. మరి దానికి మేతేది?" అనెను. ఆయన ఏ కళాశాలలోను చదివినవాడు కాడు. కాని ఆ రోజు మేము చేసిన పొరపాటును ఒక్క మాటలో తేల్చివైచెను.

తరువాత లెక్క వేసి చూడగా, చెట్టునీడ ఒక్కటే కారణము కాదని తేలినది. ప్రొజెక్టరునకు, మైకునకు ఎంత విద్యుత్తు కావలెనో, ఆ ప్యానెళ్లు రోజునకు ఎంత ఇవ్వగలవో కొనునప్పుడు ఎవరును లెక్కింపనే లేదు. "సోలారు పెట్టించితిమి" అను మాటతో అందరు తృప్తిపడిరి. నేడు పంచాయతీలు కూడ కార్యాలయములకు, వీధిదీపములకు, త్రాగునీటి పంపులకు సౌరవిద్యుత్తును అమర్చుకొనుచున్నవి. ఆ ధనము గ్రామస్థుల ధనము. మాకు జరిగిన పరాభవము ఏ గ్రామమునకును జరుగకుండుటకై కొనుటకు ముందు చేయవలసిన లెక్కలను ఈ పాఠములో వివరింతుము. ఇందులో కూడిక, హెచ్చవేత, భాగహారము తప్ప వేరు గణితము లేదు.

ప్యానెలు చేయు పని

వెలుతురు సోకినచో కొన్ని పదార్థములందు విద్యుత్తు పుట్టునని 1839లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు ఎడ్మండ్ బెకరెల్ కనుగొనెను. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అను మువ్వురు సిలికాన్‌తో పనికివచ్చు సౌరఘటమును తయారు చేసిరి. అది తనపై పడిన వెలుతురులో సుమారు 6 శాతమును మాత్రమే విద్యుత్తుగా మార్చెడిది. నేడు బజారులో దొరకు మంచి ప్యానెళ్లు 20 శాతము వరకును, అంతకు కొంచెము మించియు మార్చుచున్నవి. అనగా ఒక చదరపు మీటరు ప్యానెలు, నిండు ఎండలో, సుమారు 200 వాట్ల శక్తి నిచ్చును.

మన ప్రాంతములు ఈ విషయమున అదృష్టముగలవి. కర్నూలు జిల్లాలో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పనిచేయ నారంభించినది. రామగుండములో జలాశయపు నీటిపై తేలు 100 మెగావాట్ల సౌరకేంద్రము 2022లో పూర్తియైనది. అంత పెద్ద కేంద్రమునకైనను, మన కార్యాలయపు డాబాపై పెట్టు రెండు ప్యానెళ్లకైనను సూత్రము ఒక్కటే.

వాటు, గంట, యూనిట్టు

ఒక పరికరము ఎంత వేగముగా విద్యుత్తును వాడుకొనునో తెలుపునది వాటు. ఎంతసేపు వాడునో తెలుపునది గంట. ఈ రెండింటిని హెచ్చవేయగా వచ్చునది వాట్-గంట. 1,000 వాట్-గంటలు కలిసిన ఒక యూనిట్టు. కరెంటు బిల్లులో మనము చూచు యూనిట్టు ఇదియే.

బోరులోని నీటిని తలచుకొన్నచో ఇది సులభముగా బోధపడును. పంపు నిమిషమునకు ఎన్ని లీటర్లు పోయుచున్నది అనుట వాటు వంటిది. రోజంతటికి తొట్టిలో ఎన్ని లీటర్లు చేరినవి అనుట యూనిట్టు వంటిది. అమ్మువాడు ప్యానెలుపై నుండు వాట్లను మాత్రమే చెప్పును. మనకు కావలసినది రోజునకు వచ్చు యూనిట్ల లెక్క.

మొదటి లెక్క : రోజునకు ఎంత కావలెను?

ఒక కాగితముపై కార్యాలయములోని ప్రతి పరికరమును వ్రాయవలెను. దాని ఎదుట వాట్లను, రోజునకు వాడు గంటలను వేయవలెను. వాట్లు పరికరము వెనుక అతికించిన చీటీపై ఉండును. ఉదాహరణకు ఒక చిన్న పంచాయతీ కార్యాలయమును తీసికొందము.

20 వాట్ల ఎల్.ఇ.డి. ట్యూబులైట్లు 4, రోజునకు 5 గంటలు : 400 వాట్-గంటలు
30 వాట్ల బి.ఎల్.డి.సి. ఫ్యానులు 3, రోజునకు 7 గంటలు : 630 వాట్-గంటలు
కంప్యూటరు 1, తెరతో కూడ 120 వాట్లు, 5 గంటలు : 600 వాట్-గంటలు
ప్రింటరు 1, పనిచేయునప్పుడు 300 వాట్లు, అరగంట : 150 వాట్-గంటలు
ఇంటర్నెట్టు పెట్టె 1, 10 వాట్లు, 24 గంటలు : 240 వాట్-గంటలు
మొత్తము : 2,020 వాట్-గంటలు, అనగా సుమారు 2 యూనిట్లు

ఈ పట్టికలో రెండు విషయములు గమనింపదగినవి. మొదటిది ఇంటర్నెట్టు పెట్టె. అది పది వాట్ల చిన్న వస్తువే. కాని రాత్రింబవళ్లు వెలుగుచుండుటచే ప్రింటరుకంటె ఎక్కువ తినివేయుచున్నది. కార్యాలయము మూయునప్పుడు దానిని ఆర్పినచో సగమునకు పైగా మిగులును.

రెండవది ఫ్యానులు. పాత రకపు సీలింగు ఫ్యాను ఒక్కొక్కటి సుమారు 75 వాట్లు వాడును. ఆ మూడు ఫ్యానులే ఉన్నచో వాటికి 630కి బదులు 1,575 వాట్-గంటలు కావలసివచ్చును. మొత్తము 2,965కు చేరును. ఫ్యానులు మార్చినందున రోజునకు 945 వాట్-గంటలు మిగులుచున్నవి. అందుచేత సౌరవిద్యుత్తు విషయమున మొదటి కొనుగోలు ప్యానెలు కాదు; తక్కువ విద్యుత్తు వాడు దీపము, ఫ్యాను. వాడకము తగ్గిన కొలది ప్యానెళ్లు, బ్యాటరీ, ఇన్వర్టరు అన్నియు తగ్గును.

రెండవ లెక్క : ప్యానెళ్లు ఎన్ని?

ప్యానెలుపై "400 వాట్లు" అని ముద్రించియుండును. ఆ సంఖ్య కర్మాగారములో పరీక్షించినప్పటిది. చదరపు మీటరునకు 1,000 వాట్ల వెలుతురు పడునట్లును, ప్యానెలులోని ఘటముల వేడి 25 డిగ్రీలు మాత్రమే ఉండునట్లును చేసి పరీక్షింతురు. మన వేసవిలో ఎండకు కాగిన ప్యానెలు వేడి 60 డిగ్రీలు దాటును. 25 డిగ్రీలకు పైన ప్రతి డిగ్రీకి సుమారు 0.35 శాతము శక్తి తగ్గును. 65 డిగ్రీలవద్ద తగ్గుదల 14 శాతము; 400 వాట్ల ప్యానెలు అప్పుడు 344 వాట్లే ఇచ్చును. ఎండ ఎక్కువైన కొలది విద్యుత్తు పెరుగును గాని, వేడి ఎక్కువైన కొలది తగ్గునని సభ్యులు గుర్తుంచుకొనవలెను.

ఉదయము ఏటవాలుగను, మధ్యాహ్నము నిటారుగను, సాయంకాలము మరల ఏటవాలుగను పడు ఎండను అంతయు నిండు ఎండగా మార్చి లెక్కించినచో, మన ప్రాంతములో ఏడాది సగటున రోజునకు సుమారు 5 గంటల నిండు ఎండ లభించును. మబ్బులు పట్టిన వానకాలపు నెలలలో అంతకు తక్కువ వచ్చును. కావున 4 గంటలని లెక్క వేయుట క్షేమము. వేసవిని చూచి కొన్నవాడు శ్రావణములో చీకటిలో కూర్చుండును.

ఇక వేడి, దుమ్ము, తీగలు, బ్యాటరీ, ఇన్వర్టరు అను వీనిలో పోవు నష్టము అంతయు కలిసి సుమారు 30 శాతము ఉండునని భావింపవచ్చును. మిగులునది 70 శాతము. 4 గంటలను 0.7చే హెచ్చవేయగా 2.8 వచ్చును. అనగా ప్యానెలుపై వ్రాసిన ప్రతి వాటునకు రోజునకు 2.8 వాట్-గంటలు మన చేతికి వచ్చును. ఈ 2.8 అను సంఖ్యను సభ్యులు కంఠస్థము చేయవలెను.

మన కార్యాలయమునకు కావలసినది 2,020. దీనిని 2.8చే భాగింపగా 721 వాట్లు వచ్చును. కనుక 400 వాట్ల ప్యానెళ్లు రెండు చాలును. పాత ఫ్యానులనే ఉంచినచో 2,965ను 2.8చే భాగింపగా 1,059 వాట్లు వచ్చును. అప్పుడు మూడు ప్యానెళ్లు కావలసియుండును.

మూడవ లెక్క : బ్యాటరీ

బ్యాటరీపై వోల్టులు, ఆంపియర్-గంటలు వ్రాసియుండును. రెండింటిని హెచ్చవేసినచో వాట్-గంటలు వచ్చును. 12 వోల్టుల, 200 ఆంపియర్-గంటల బ్యాటరీలో 2,400 వాట్-గంటలు పట్టును. కాని అంతయు వాడుకొనరాదు. సీసము-ఆమ్లముల బ్యాటరీని సగమునకంటె క్రిందికి తరచుగా దింపినచో దాని ఆయువు త్వరగా క్షీణించును. లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీని 80 శాతము వరకు వాడవచ్చును. దాని వెల అధికము. కాని అది అనేక వేల మారులు నింపి వాడుటకు తట్టుకొనును.

ఒక దినమంతయు ఎండ లేకున్నను కార్యాలయము నడువవలెనని అనుకొందము. 2,020 వాట్-గంటలు కావలెను. ఇన్వర్టరులో పోవు పదవ వంతును కలుపుకొనగా 2,244 అగును. సీసపు బ్యాటరీ యైనచో దీనికి రెట్టింపు, అనగా 4,488 వాట్-గంటల బ్యాటరీ కావలెను. 12 వోల్టుల, 200 ఆంపియర్-గంటల బ్యాటరీలు రెండు సరిపోవును. లిథియము రకమైనచో సుమారు 2,800 వాట్-గంటలది చాలును.

ప్యానెళ్లు చాలినన్ని లేకుండ పెద్ద బ్యాటరీ పెట్టుట ఒక సామాన్యమైన పొరపాటు. గాదె ఎంత పెద్దదైనను పంట చాలనప్పుడు నిండదు. సీసపు బ్యాటరీ పూర్తిగా నిండక రోజుల తరబడి అరకొరగా నుండినచో లోపలి పలకలపై సల్ఫేటు గట్టిపడి చెడిపోవును. "రెండేండ్లకే బ్యాటరీ పోయినది" అని వినవచ్చు ఫిర్యాదులలో దోషము పెక్కుసార్లు బ్యాటరీది కాదు, లెక్కది.

ఇన్వర్టరు, కంట్రోలరు, తీగలు

ఇన్వర్టరును ఒకేసారి నడుచు పరికరముల మొత్తమును బట్టి ఎంచుకొనవలెను. మన పట్టికలో అన్నియు ఒకేసారి నడిచినచో 80, 90, 120, 300, 10 కలిసి 600 వాట్లు. ప్రింటరు వంటివి మొదలగునప్పుడు క్షణకాలము ఎక్కువ లాగును గనుక 1,000 వాట్ల ఇన్వర్టరు తగినది. మోటారులు ఆరంభమున మామూలుకంటె అనేక రెట్లు లాగును. పంపు మోటారును కార్యాలయపు ఇన్వర్టరునకు తగిలించు ఆలోచన చేయరాదు.

ప్యానెలునకు, బ్యాటరీకి నడుమ ఛార్జి కంట్రోలరు ఉండవలెను. ఇందు పి.డబ్ల్యు.ఎం., ఎం.పి.పి.టి. అని రెండు రకములు. మొదటిది చవుక. కాని 18 వోల్టులవద్ద బాగుగా పనిచేయు ప్యానెలును అది 13 వోల్టుల బ్యాటరీ స్థాయికి దింపివేయును గనుక నాలుగవ వంతునకు పైగా శక్తి వృథాయగును. రెండవది ఆ తేడాను కూడ ఉపయోగములోనికి తెచ్చును. మన 800 వాట్లను 24 వోల్టులచే భాగింపగా సుమారు 33 ఆంపియర్లు వచ్చును; కావున 40 ఆంపియర్ల ఎం.పి.పి.టి. కంట్రోలరును కోరవలెను.

తీగల విషయమున పొదుపు పనికిరాదు. 240 వాట్లను 12 వోల్టులవద్ద పంపినచో 20 ఆంపియర్లు, 48 వోల్టులవద్ద పంపినచో 5 ఆంపియర్లు పారును. అదే తీగలో మొదటిదానియందు వేడిగా పోవు నష్టము రెండవదానికి 16 రెట్లు. వోల్టులు తక్కువైనచోట తీగ లావుగను, పొట్టిగను ఉండవలెను. బ్యాటరీకి దగ్గరగా ఫ్యూజు తప్పక ఉండవలెను. అది లేనిచో తీగలు ఒకదానికొకటి తగిలినప్పుడు నిప్పు పుట్టును.

సంచార వాహనము : తలక్రిందులైన లెక్క

ఇంటికి కావలసినంత లెక్కించి ప్యానెళ్లు పెట్టుదుము. వాహనమునకు అట్లు కుదరదు. కప్పు ఎంత యున్నదో అంతే చోటు. కావున ముందు కప్పును కొలిచి, అది ఇచ్చు విద్యుత్తును కనుగొని, ఆ పరిమితిలో పరికరములను ఎంచుకొనవలెను. సంచార వైద్యశాలకు, గ్రంథాలయపు బండికి, ప్రచార వాహనమునకు, విదేశములలో కుటుంబములు నివాసముగా వాడుకొను పెద్ద బండ్లకు కూడ ఇదే పద్ధతి.

కప్పు పొడవు 3 మీటర్లు, వెడల్పు 1.5 మీటర్లు అనుకొందము. విస్తీర్ణము 4.5 చదరపు మీటర్లు. గాలి రంధ్రమునకు, మైకు గొట్టములకు, మనిషి కాలు పెట్టుటకు చోటు వదలగా 3 చదరపు మీటర్లు మిగులును. అందు 600 వాట్ల ప్యానెళ్లు పట్టును. వీనిని 2.8చే హెచ్చవేయగా రోజునకు 1,680 వాట్-గంటలు. ఇదియే ఆ బండికి దినభత్యము. ఒక ప్రచార వాహనపు అవసరమును చూతము.

ప్రొజెక్టరు 250 వాట్లు, 2 గంటలు : 500 వాట్-గంటలు
మైకు యంత్రము 100 వాట్లు, 3 గంటలు : 300 వాట్-గంటలు
ల్యాప్‌టాపు 60 వాట్లు, 3 గంటలు : 180 వాట్-గంటలు
10 వాట్ల దీపములు 4, 4 గంటలు : 160 వాట్-గంటలు
20 వాట్ల చిన్న ఫ్యానులు 2, 8 గంటలు : 320 వాట్-గంటలు
మొత్తము : 1,460 వాట్-గంటలు

భత్యములో ఇమిడినది. కాని ఎవరైనను "ఒక ఏ.సి. కూడ పెట్టుదము" అన్నచో ఏమగును? 1,000 వాట్ల ఏ.సి. 5 గంటలు నడిచినచో 5,000 వాట్-గంటలు. దానికొక్కదానికే సుమారు 1,800 వాట్ల ప్యానెళ్లు కావలెను. అనగా ఆ కప్పునకు మూడింతలు. నీరు కాచు విద్యుత్ కెటిలు సంగతి వేరు. 1,500 వాట్ల కెటిలు ఆరు నిమిషములలో వాడునది 150 వాట్-గంటలే. కాని ఆ ఆరు నిమిషములు 12 వోల్టుల బ్యాటరీనుండి 125 ఆంపియర్లు లాగును. సామాన్యపు తీగలు, చిన్న ఇన్వర్టరు అంతటి భారమును మోయజాలవు. కనుక ఒక వస్తువు మొత్తము ఎంత వాడునో, ఒక్కసారిగా ఎంత లాగునో రెండును చూడవలెను.

వాహనములో బరువు కూడ ముఖ్యమే. పై అవసరమునకు సీసపు బ్యాటరీలైనచో 150 ఆంపియర్-గంటలవి రెండు కావలెను; వాని బరువు నూరు కిలోలకు మించును. ఆ పనికే సుమారు 20 కిలోల లిథియము బ్యాటరీ చాలును. గతుకుల బాటలో ఆమ్లము చిందు భయమును ఉండదు. బండి నడుచునప్పుడు ఇంజను ఆల్టర్నేటరునుండి కూడ ఈ బ్యాటరీని నింపుటకు తగిన పరికరమును అమర్చినచో మబ్బు దినములలో ఆదుకొనును. ప్యానెలునకు, కప్పునకు నడుమ కొన్ని అంగుళముల సందు వదలవలెను. గాలి ఆడినచో వేడి తగ్గును. కప్పునకు నేరుగా అతికించు వంగుడు ప్యానెళ్లు చూచుటకు సొంపుగా నుండును గాని, వేడి పోవు దారి లేక త్వరగా పాడగును.

అన్నిటికంటె ముఖ్యము నీడ. ప్యానెలులోని ఘటములు ఒకదాని వెనుక ఒకటిగా గొలుసువలె కలుపబడియుండును. కాలువలో ఒకచోట మట్టి పెళ్ల అడ్డుపడినచో దిగువ పొలములన్నియు ఎండునట్లు, ఒక కొమ్మనీడ కొన్ని ఘటములపై పడినను ప్యానెలులో చాల భాగము మందగించును. నష్టమును తగ్గించుటకు డయోడులను అమర్చుదురు. అవి నీడను జయింపలేవు. ఇప్పుడు మేము ఏ గ్రామమునకు వెళ్లినను మనుషులు చెట్టు క్రింద, బండి ఎండలో. దూరముగా నిలిపి తీగ లాగుకొందుము.

త్రాగునీటి పంపు, వీధిదీపములు

1,000 లీటర్ల నీటిని ఒక మీటరు ఎత్తునకు లేపుటకు సుమారు 2.7 వాట్-గంటలు కావలెను. 500 మంది గల పల్లెలో, 2019లో ఆరంభమైన జలజీవన్ మిషన్ ప్రమాణము ననుసరించి మనిషికి 55 లీటర్ల వంతున 27,500 లీటర్లు. బోరులోని నీటిమట్టమునుండి ట్యాంకు పైభాగమువరకు 40 మీటర్లు అనుకొన్నచో సుమారు 3,000 వాట్-గంటలు అగును. పంపు, మోటారు కలిసి తీసికొన్న శక్తిలో 40 శాతమే నీటిని లేపుటకు ఉపయోగించునని భావించినచో 7,500 వాట్-గంటలు కావలెను. 2.8చే భాగింపగా సుమారు 2,700 వాట్లు. దీనికి బ్యాటరీ అక్కరలేదు. ఎండ ఉన్నప్పుడు నీరు తోడి పైన నిలువ చేయుదుము. ట్యాంకే దాని బ్యాటరీ. వేసవిలో నీటిమట్టము దిగునప్పుడు ఎంత లోతో అదే లెక్కకు తీసికొనవలెను.

20 వాట్ల వీధిదీపము 12 గంటలు వెలిగినచో 240 వాట్-గంటలు. 86 వాట్ల ప్యానెలు కావలెను. సాయంత్రము 5 గంటలు పూర్తిగను, మిగిలిన 7 గంటలు సగము వెలుతురుతోను వెలుగునట్లు అమర్చినచో 170 వాట్-గంటలు, 61 వాట్ల ప్యానెలు చాలును. వానకాలపు రాత్రులందు రెండు మూడు గంటలకే ఆరిపోవు దీపములను చూచినచో, ఈ లెక్క వేయకుండ కొన్నవని తెలిసికొనవచ్చును.

కరెంటు లైనుతో కలిపిన ప్యానెళ్లు

కరెంటు సక్రమముగా వచ్చు గ్రామములో, పగటి వాడకము ఎక్కువగానున్నచో, బ్యాటరీ లేకుండ డాబాపై ప్యానెళ్లను విద్యుత్ లైనుతో కలుపు పద్ధతి కలదు. మిగులు విద్యుత్తు లైనునకు పోవును. మీటరు రెండు వైపులను లెక్కించును. ఒక కిలోవాటు ప్యానెళ్లు ఏడాది సగటున రోజునకు సుమారు 4 యూనిట్లు ఇచ్చును. నీడలేని స్థలము 8 నుండి 10 చదరపు మీటర్లు కావలెను. బ్యాటరీ నష్టము లేనందున, సగటు ఎండను తీసికొన్నందున ఈ సంఖ్య మన 2.8కంటె ఎక్కువగా నున్నది.

ఇక్కడ ఒక భ్రమను తొలగించుకొనవలెను. కరెంటు పోయినప్పుడు ఈ పద్ధతి కూడ ఆగిపోవును. లైనుపై పనిచేయు సిబ్బందికి మన డాబానుండి పోవు విద్యుత్తు తగిలి ప్రాణాపాయము కలుగకుండుటకై ఇన్వర్టరు తనంత తాను ఆగునట్లు చేయబడియున్నది. కరెంటు కోతలో దీపము కావలెనన్నచో బ్యాటరీ గల పద్ధతిని కోరవలెను. బిల్లు తగ్గవలెనా, కోతలో వెలుగు కావలెనా అను ప్రశ్నకు పంచాయతీ ముందుగా జవాబు చెప్పుకొనవలెను.

గృహస్థుల విషయమున కేంద్ర ప్రభుత్వము 2024 ఫిబ్రవరిలో పి.ఎం. సూర్యఘర్ పథకమును ప్రారంభించినది. కోటి ఇండ్లు దాని లక్ష్యము. 3 కిలోవాట్లకు, ఆ పైవానికి గరిష్ఠముగా 78,000 రూపాయల సహాయము నిర్ణయింపబడినది. దరఖాస్తునాటి నిబంధనలను విద్యుత్ పంపిణీ సంస్థ కార్యాలయములో విచారించి గ్రామస్థులకు తెలుపుట సభ్యుల విధి.

కొనునప్పుడు, కొన్న తరువాత

నేడు మోనో రకపు సిలికాన్ ప్యానెళ్లు మేలైనవి. స్థలము తక్కువైనచోట ఇవే ఉత్తమము. పాలీ రకము అంతే విద్యుత్తునకు కొంత ఎక్కువ చోటు తీసికొనును. ప్యానెలు వెనుక చీటీపై వాట్లు, వోల్టులు, వరుస సంఖ్య ఉండవలెను. భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 14286 గుర్తును చూడవలెను. సామాన్యముగా 25 సంవత్సరముల తరువాత కూడ 80 శాతము శక్తి నిచ్చునని హామీ వ్రాసి ఇత్తురు. బ్యాటరీకి, ఇన్వర్టరునకు హామీ వేరుగా, తక్కువ కాలమునకు ఉండును. వీనిని వేరువేరుగా వ్రాయించుకొనవలెను.

టెండరులో "ఒక సోలారు సెట్టు" అని వ్రాయరాదు. ప్యానెళ్ల వాట్లు, బ్యాటరీ రకము, వోల్టులు, ఆంపియర్-గంటలు, కంట్రోలరు రకము, తీగ మందము, రోజునకు ఇవ్వవలసిన యూనిట్లు, ఐదేండ్ల మరమ్మతు బాధ్యత అన్నియు వ్రాయవలెను. కేవలము తక్కువ ధరను చూచినచో, తగ్గిన ధర ఏదో ఒక వస్తువునుండి తగ్గియే యుండును.

మన ప్రాంతము భూమధ్యరేఖకు ఉత్తరముగా నున్నందున ప్యానెలు దక్షిణముఖముగా, సుమారు 13 నుండి 19 డిగ్రీల వాలుతో ఉండవలెను. తుపానులు వీచు కోస్తా గ్రామములలో చట్రమును గట్టిగా బిగింపవలెను. ఎర్తింగు, పిడుగు రక్షణ మరువరాదు. దుమ్మును పదునైదు దినముల కొకసారి ఉదయముననో సాయంకాలముననో మెత్తని గుడ్డతో, నీటితో తుడువవలెను. మధ్యాహ్నము కాగిన అద్దముపై చల్లనీరు పోయరాదు. సీసపు బ్యాటరీలలో డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయవలెను. అవి ఉండు గది గాలి ఆడునట్లు ఉండవలెను. ఈ పనులన్నియు ఎవరు చేయవలెనో తీర్మానములో పేరుతో వ్రాయవలెను. అందరి పని అన్నచో అది ఎవరి పనియు కాదు.

పంచాయతీ బాధ్యత

1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పదునొకండవ షెడ్యూలులో పేర్కొన్నది. అందు గ్రామీణ విద్యుదీకరణము 14వది, సంప్రదాయేతర ఇంధన వనరులు 15వది. కావున సౌరవిద్యుత్తు ఎవరో తెచ్చిపెట్టు అలంకారము కాదు. పంచాయతీ తానే యోచించి నడుపదగిన కార్యము. లెక్క తెలియని సభ్యుడు సంతకము మాత్రమే చేయును. లెక్క తెలిసిన సభ్యుడు ప్రశ్న వేయును. ఆ ప్రశ్నవలననే గ్రామధనము నిలుచును.

తదుపరి సమావేశములో సభ్యులు ఈ క్రింది వానిని చర్చింపగోరుచున్నాము.

1. మన కార్యాలయములోని ప్రతి పరికరమునకు వాట్లు ఎన్ని? రోజునకు ఎన్ని గంటలు నడుచును?
2. ముందుగా ఏ దీపములను, ఫ్యానులను మార్చినచో వాడకము తగ్గును?
3. ఉదయము 9 గంటలనుండి సాయంత్రము 4 గంటలవరకు మన డాబాపై ఏ చెట్టునీడ, ఏ ట్యాంకునీడ పడుచున్నది?
4. మనకు కావలసినది బిల్లు తగ్గుటయా, కరెంటు కోతలో వెలుగా?
5. పూర్వము అమర్చిన సోలార్ దీపములలో ఎన్ని వెలుగుచున్నవి? వెలుగనివానికి కారణమేమి?

మూడవ ప్రశ్నకు జవాబు కాగితముపై దొరకదు. ఒక దినము డాబా ఎక్కి, గంటకొకసారి నీడను సుద్దతో గీసి చూడవలెను. ఆ ఒక్క దినపు శ్రమ పదునైదు ఇరువది సంవత్సరముల వెలుగునకు పునాది యగును.